గాలి చూసి బయలుదేరు

చిరంజీవి స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలన్నీ తీరిగ్గా చూశాను. గూస్‌బెర్రీ జలపాతం, స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్, పాలిసేడ్ హెడ్, గ్రాండ్ మరే, అన్నీ ఒక్క శనివారంలోనే చుట్టేసి వచ్చావు. ఫ్రేమ్ పెట్టడం నీకు బాగా వచ్చు. అయితే అన్నిట్లోనూ నడినెత్తిన ఎండ, నీళ్ళు ఒకే రకం నీలం. ఇంకా ఏ లెన్స్ కొనాలని అడిగావు. ఇప్పుడేమీ కొనకు. అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈ సుపీరియర్ సరస్సు ఒడ్డున ఫొటోలు తీసేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది గాలి ఎటు నుంచి వీస్తోందన్నది. ఇన్నేళ్ళుగా డులూత్‌లో ఉంటూ నేను నేర్చుకున్న వాటిలో నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

ఒకసారి మ్యాప్ తీసి చూడు. డులూత్ నుంచి కెనడా సరిహద్దు దగ్గరి గ్రాండ్ పోర్టేజ్ దాకా మన మిన్నెసోటా ఒడ్డు దాదాపు 150 మైళ్ళు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. సరస్సు మనకు ఆగ్నేయంగా ఉంటుంది. అందుకే ఇక్కడ ఏడాది పొడవునా సూర్యుడు నీళ్ళ వైపు నుంచి వచ్చి, సాయంత్రం మన వెనక కొండల్లోకి దిగిపోతాడు. జూన్‌లో బాగా ఉత్తరానికి జరిగి, ఒడ్డు వెంబడి వెలుగు పరుచుకుంటూ వస్తాడు. డిసెంబర్‌లో సరస్సు మధ్యలోంచి లేస్తాడు. ఇంతవరకూ ఫోన్‌లో యాప్ చెప్పేస్తుంది.

గాలి మాత్రం నువ్వే చూసుకోవాలి. వాయవ్యపు గాలి కొండల మీది నుంచి నీళ్ళ మీదికి వీస్తుంది కాబట్టి, పైన చెట్లు ఊగిపోతున్నా ఒడ్డు పక్కన నీళ్ళు కదలకుండా ఉంటాయి. ఆ రోజు లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ (మెరుపు తగ్గించే అద్దం) పెట్టుకుని మెల్లగా తిప్పితే నీటి పైన మెరుపు పోయి అడుగునున్న రాళ్ళు ఒక్కొక్కటే కనిపిస్తాయి. ఇక్కడి నీళ్ళంత తేటగా ఉండే నీళ్ళు నేను ఇంకెక్కడా చూడలేదు. ఈశాన్యపు గాలి దీనికి పూర్తిగా వేరు. సరస్సు పొడవు 350 మైళ్ళు. ఆ పొడవునా అడ్డం లేకుండా నీళ్ళను తోసుకుంటూ వచ్చి, చివర డులూత్ దగ్గర అలలను పోగేస్తుంది. నువ్వు అలల కోసం రావాలనుకుంటే ఈ గాలి వీచే రోజే రావాలి. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ డులూత్ ఆఫీసు ఒడ్డు దగ్గర అలలు ఎన్ని అడుగులు లేస్తాయో అంచనా ఇస్తుంది. మినియాపోలిస్‌లో కారెక్కేముందు అది చూడు. మూడు నుంచి ఐదు అడుగులంటే ఫొటోలకు మంచి రోజు. ఎనిమిది దాటితే బండల మీదికి దిగకు, పైన రోడ్డు పక్కనో గట్టు మీదో నిలబడి పెద్ద లెన్స్‌తో తీసుకో.

నువ్వు భీమిలిలో అలలు చూస్తూ పెరిగావు, అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. అక్కడిలా ఇక్కడ చెప్పుకోదగ్గ ఆటుపోట్లు లేవు. అలలు దగ్గర దగ్గరగా, ఒకదాని వెనక ఒకటి ఊపిరాడనీయకుండా వస్తాయి. ఉప్పు లేదు కాబట్టి లెన్స్ మీద తుంపర పడితే మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. కానీ చలి! సరస్సు నీటి సగటు వేడి 4 డిగ్రీల సెల్సియస్. జూలైలో కూడా పడితే ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుపోతుంది, ఎంత ఈత వచ్చినా కాళ్ళూ చేతులూ కాసేపటికే మాట వినవు. కాబట్టి ట్రైపాడ్ తీసేముందు పది నిమిషాలు ఊరికే నిలబడి చూడు. పెద్ద అల ఎక్కడిదాకా వచ్చిందో ఆ తడి గుర్తుపెట్టుకో. ఆ గీతకు బాగా పైనే నీ బ్యాగ్, నువ్వూ ఉండాలి. ఎండిన నల్లరాయి కాలికి గట్టి పట్టు ఇస్తుంది, తడిసి నాచు పట్టిన చోట అసలు నిలవనివ్వదు. ఒంటరిగా వెళ్తే ఎక్కడికి వెళ్తున్నావో ఎవరికో ఒకరికి మెసేజ్ పెట్టు. నాకు పెట్టినా సరే, తెల్లవారుజామున నాలుగింటికైనా సరే.

షట్టర్ సంగతి. ఈమధ్య అందరూ వెలుగు తగ్గించే ఎన్డీ ఫిల్టర్ పెట్టి ముప్పై సెకన్లు తెరిచి నీళ్ళను పాలలా చేసేస్తున్నారు. నాకది ఈ సరస్సుకు నప్పదనిపిస్తుంది. దీని బరువు, దీని విసురు అందులో పోతాయి. పావు సెకను నుంచి ఒక సెకను లోపల పెట్టి, అల వెనక్కి జారేటప్పుడు నొక్కు. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు గీతలు గీతలుగా దిగడం అప్పుడు పడుతుంది. అల బండకు కొట్టి పైకి లేవడం కావాలంటే సెకనులో వెయ్యో వంతుకు పో.

రాళ్ళ గురించి కూడా కొంచెం చదువుకో. ఈ ఒడ్డు చాలామటుకు, దాదాపు 110 కోట్ల ఏళ్ళ కిందట ఖండం చీలి పొంగిన లావా. నల్లగా ఉండేది బసాల్ట్, పాలిసేడ్ హెడ్ దగ్గర ఎర్రగా నిలువునా లేచి ఉన్నది రయోలైట్. నల్లరాయి పొద్దుటి వెలుగును మింగేస్తుంది, తడిస్తేనే మెరుస్తుంది. ఎర్రరాయి అదే వెలుగుకు మండుతున్నట్టు కనిపిస్తుంది. ఇది తెలిస్తే ఏ పొద్దున ఎక్కడికి వెళ్ళాలో నీకే తోస్తుంది. ఈ రాళ్ళు శాశ్వతం అనుకోకు. టెటగూష్ పార్కులో నీళ్ళ మీదికి వంగిన రాతి తోరణం ఒకటి ఉండేది, 2010లో కూలిపోయింది. పాత ఫొటోల్లోనే మిగిలింది. నీకు నచ్చిన చోటును ఇప్పుడే తీసిపెట్టుకో, మళ్ళీ మళ్ళీ తీసుకో.

ఒక్కరోజులో నాలుగు చోట్లు తిరగొద్దంటున్నది కూడా ఇందుకే. డులూత్ చివర బ్రైటన్ బీచ్ ఉంది, కారు దిగితే నాలుగడుగుల్లో నీళ్ళు. ఈ ఏడాదికి అదొక్కటే నీది అనుకో. ఒకే బండ దగ్గర ఈశాన్యపు గాలికి ఒకసారి, వాయవ్యపు గాలికి ఒకసారి, మే నెల పొగమంచులో ఒకసారి నిలబడు. సెప్టెంబర్ చివర మాత్రం కొండల వైపు పో, ముందు లోపలి గుట్టల మీద మేపుల్ చెట్లు ఎర్రబడతాయి, ఆ తర్వాత అక్టోబర్‌లో ఒడ్డున బర్చ్ చెట్లు పసుపు తిరుగుతాయి.

స్ప్లిట్ రాక్‌కి నవంబర్ 10న వెళ్ళాలని ఉందన్నావు. వెళ్ళు. 1905 నవంబర్‌లో తుఫాను ఎన్నో ఓడలను పొట్టన పెట్టుకుంటే ఆ లైట్‌హౌస్ కట్టారు, 1910లో పూర్తయింది. 1969లో దాని పని ఆపేశారు. 1975లో అదే నవంబర్ 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఓడ 29 మందితో మునిగిపోయింది, ఒక్కరూ బతకలేదు. ఏటా ఆ సాయంత్రం వాళ్ళ పేర్లు చదివి దీపం వెలిగిస్తారు. జనం బాగా వస్తారు, చీకటి పడకముందే చేరుకో. నైరుతి వైపు గులకరాళ్ళ ఒడ్డు నుంచి చూస్తే గట్టు, లైట్‌హౌస్ రెండూ ఫ్రేమ్‌లోకి వస్తాయి. పేర్లు చదివేటప్పుడు పైన ఉంటే కెమెరా కిందికి దించు తల్లీ. మిగతా రోజుల్లో ఆ దీపం మామూలుగా వెలగదని నీకు టెన్షన్ ఉంటుంది, అయినా సరే.

ఇక చలికాలం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. మైనస్ 25 దగ్గర, గడ్డకట్టని నీళ్ళ మీంచి ఆవిరి లేస్తుంది, దాని వెనక సూర్యుడు వస్తాడు. కెమెరా ఆ తెల్లదనాన్ని చూసి బూడిదరంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచు. బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకో, చలికి ఉన్నట్టుండి చచ్చిపోతాయి. కారులోకి వచ్చేముందు కెమెరాను బయటే బ్యాగ్‌లో పెట్టి జిప్ బిగించు, వెచ్చబడ్డాకే తియ్యి, లేకపోతే లెన్స్ లోపల కూడా తేమ పట్టేస్తుంది. తూర్పు గాలి మంచు పలకలను ఒడ్డుకు తోసి నీలంగా పేరుస్తుంది. చూడ్డానికి నేలలానే ఉంటుంది. దాని మీద కాలు పెట్టకు. గాలి వాయవ్యానికి తిరిగిందంటే ఆ పలకలన్నీ విడిపోయి లోపలికి కొట్టుకుపోతాయి, మీద మనుషులున్నా సరే.

అరోరా కోసం అడిగావు కదా, ఉత్తరాన రాత్రి ఆకాశంలో కనిపించే ఆ రంగుల వెలుగు. మన ఒడ్డున నిలబడితే ఉత్తరం వీపు వెనక కొండల్లో ఉంటుంది. నీళ్ళ మీద అరోరా కావాలంటే విస్కాన్సిన్ వైపు ఒడ్డుకు వెళ్ళాలి, అక్కడి నుంచి సరస్సు ఉత్తరాన ఉంటుంది. దాని గురించి విడిగా మాట్లాడుకుందాం.

మినియాపోలిస్ నుంచి శనివారం పొద్దున బయలుదేరితే రెండున్నర గంటలు పడుతుంది, అప్పటికి వెలుగు అయిపోతుంది. శుక్రవారం సాయంత్రమే మా ఇంటికి వచ్చెయ్. బూట్ల కింద తొడుక్కునే మంచు ముళ్ళు నీకూ ఒక జత తీసుకుంటాను, సైజు రాసి పంపు. ఈసారి ఫొటోలు ఎడిట్ చేయకుండా పంపు, పక్కన ఆ రోజు గాలి ఎటు నుంచి వీచిందో రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ