వేసవిలో రీసెర్చ్ ల్యాబ్‌లో పనిచేస్తే స్కూల్ సైన్స్ టీచర్‌కి నిజంగా ఏమన్నా ఒరుగుతుందా?

ఇక్కడ అమెరికాలో హైస్కూల్ టీచర్‌గా చేస్తున్న ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆరు వారాల సమ్మర్ ప్రోగ్రామ్‌కి సెలెక్ట్ అయ్యారట, పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్ళాలా, ల్యాబ్‌కి వెళ్ళాలా, అసలు క్లాసులో పనికొచ్చేది ఏమన్నా నేర్పుతారా అని అడిగారు.

టికెట్లు ఇంకా కొనకపోతే ల్యాబ్‌కి వెళ్ళండి. కొనేసి ఉంటే అమ్మకి ఫోన్ చేసి నాలుగు తిట్లు తినేసి, క్యాన్సిల్ చేసి మరీ వెళ్ళండి. క్లాసులో పనికొచ్చేది నేర్పుతారా అంటే మాత్రం నేర్పరు. నేను అలాంటి ల్యాబ్‌కి వెళ్ళి నేర్చుకున్న వాటిల్లో ఒక్కటి కూడా మా స్కూల్లో చేయించడానికి లేదు, ఆ మిషన్లు కొనాలంటే మా సైన్స్ డిపార్ట్‌మెంట్ బడ్జెట్ పదేళ్ళది కలిపినా చాలదు. అయినా వెళ్ళమనే అంటా. ఎందుకో చెప్పాలంటే ముందు నా చదువు సంగతి చెప్పాలి, కాస్త ఓపిక పట్టండి.

నాది గుంటూరు జిల్లా. మా కాలేజీలో రెండేళ్ళ ఇంటర్‌కీ కలిపి ల్యాబ్ తాళం తీసింది పబ్లిక్ ప్రాక్టికల్స్‌కి ముందు ఒక పది రోజులు. సింపుల్ పెండ్యులం చేస్తే జి (గురుత్వ త్వరణం) విలువ 980 రావాలని అందరికీ తెలుసు కదా, అందుకని ముందు 980 వేసుకుని అక్కణ్ణించి వెనక్కి లెక్క కట్టి, 20 డోలనాలకి ఎన్ని సెకండ్లు పట్టాలో అప్పుడు రాసేవాళ్ళం. మరీ 980 అంటే ఎగ్జామినర్‌కి అనుమానం వస్తుందని 978.6 అని వేసేవాళ్ళం, అదీ మా తెలివి. ఇచ్చిన లవణం ఏదో టెస్టులతో కనిపెట్టే సాల్ట్ అనాలిసిస్ అయితే అటెండర్ చేతిలో యాభై పెడితే సాల్ట్ పేరు చెవిలో చెప్పేవాడు, పేరు తెలిశాక టెస్టులు రాయడానికి టెస్టులు చెయ్యాల్సిన పనేముంది? నైట్రేట్ టెస్టులో వచ్చే బ్రౌన్ రింగ్ నేను కళ్ళతో చూసింది ఎమ్మెస్సీకి వచ్చాకే. కానీ రికార్డులో బొద్దింక బొమ్మ హెచ్‌బీ పెన్సిల్‌తో కాకుండా వేరే దాంతో వేస్తే మా జువాలజీ మేడమ్ పేజీ చింపేసేవారు. క్రమశిక్షణ అంతా పెన్సిల్ దగ్గరే ఉండేది.

ఎమ్మెస్సీ, బీఈడీ, అక్కడ ఎనిమిదేళ్ళ ఉద్యోగం, తర్వాత న్యూజెర్సీ వచ్చి ఇక్కడ పబ్లిక్ (అంటే గవర్నమెంట్) స్కూల్లో బయాలజీ. ఇంత ప్రయాణంలో ప్రయోగం తప్పు వస్తే ఏం చెయ్యాలి అనే ప్రశ్న నాకు ఒక్కసారి కూడా ఎదురవలేదండీ, తప్పు రానిస్తేగా! ఇక్కడ కూడా వర్క్‌షీట్‌లో ఉన్న ఆన్సర్ రాకపోతే పిల్లలకి మార్కులు కోసేదాన్ని, మంచి టీచర్ని అనే అనుకునేదాన్ని.

ల్యాబ్‌కి ఎందుకు వెళ్ళానంటే డబ్బు కోసం, దాచడం ఎందుకు. మాకు జీతం సెప్టెంబర్ నుంచి జూన్ దాకానే, జూలై ఆగస్టు నెలలు ఎండిపోతాం. ఈ ప్రోగ్రామ్‌లో స్టైపెండ్ ఇస్తారు. (దాని మీద కూడా ట్యాక్స్ కట్టాలని ఎవరూ ముందు చెప్పరు, యూనివర్సిటీలో పార్కింగ్‌కి ఎంత గుంజుతారో అసలు చెప్పరు. ఈ రెండూ లెక్కలో వేసుకోండి.)

నాకు పడిన ల్యాబ్ సీ. ఎలిగాన్స్ ల్యాబ్. ఒక మిల్లీమీటర్ పొడవుండే పురుగు, బీజకణాలు కాక ఒంట్లో అంతా కలిపి 959 కణాలు, అందులో 302 నాడీ కణాలు, ఏ కణం దేన్నుంచి పుట్టిందో మొత్తం వంశవృక్షం గీసి పెట్టారు. గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు పెట్టడానికి మూడు రోజులు చాలు. ఈ పురుగు మీద పని చేసినందుకే 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్స్టన్‌లకి నోబెల్ వచ్చింది. ఇదంతా నేను క్లాసులో చెప్పేదాన్నే, కానీ పురుగుని చూసింది లేదు. మా ఆయన అయితే, పురుగులు ఏరడానికా ఎమ్మెస్సీ చదివింది అన్నారు. నిజంగా పని అదే. ప్లాటినం తీగ కొసని పార గరిటెలా చదును చేసి, మంటలో కాల్చి, చల్లారాక దానికి కాస్త బ్యాక్టీరియా జిగురులా అంటించి, మైక్రోస్కోప్ కింద చూస్తూ ఒక్కో పురుగునీ ఒక ప్లేట్ నుంచి ఇంకో ప్లేట్‌కి మార్చాలి. అడుగున ఉన్న అగర్ అనే జెల్లీకి తీగ తగిలి గీత పడిందా, ఆ కన్నంలోంచి లోపలికి దూరిపోతాయి, ఇక దొరకవు. పాల మీద మీగడ తీసినట్టు తియ్యాలి, కింద పాలు కదలకూడదు. మొదటి రోజు నలభై దాకా చంపా, రెండో రోజు లెక్కపెట్టడం మానేశా.

నన్ను చూసుకోమని అప్పజెప్పింది ఒక పీహెచ్‌డీ కుర్రాడికి, పాతికేళ్ళు ఉంటాయేమో, నా స్టూడెంట్ వయసే. పని ఏంటంటే, ఒక్కో పురుగునీ చిన్న ట్యూబులో కరిగించి దాని డీఎన్ఏ మీద పీసీఆర్ చేసి, అంటే మనకి కావాల్సిన డీఎన్ఏ ముక్కకి లెక్కలేనన్ని కాపీలు తీసి, జెల్ అనే జెల్లీ పలక మీద పెట్టాలి. మేం వెతుకుతున్న మార్పు ఆ పురుగులో ఉంటే జెల్ మీద బ్యాండ్, అంటే మెరిసే గీత, వస్తుంది, లేకపోతే ఆ లేన్ (దాని వరస) ఖాళీ. జెల్‌లో గుంటలు పడటానికి ఒక దువ్వెన గుచ్చుతారు, మాది 20 పళ్ళ దువ్వెన. సైజు కొలవడానికి వాడే ల్యాడర్‌కి (సైజులు తెలిసిన డీఎన్ఏ ముక్కల మిశ్రమం) ఒకటి, తప్పకుండా బ్యాండ్ రావాల్సిన శాంపిల్‌కి ఒకటి పోతే 18 మిగిలాయి, నా దగ్గర సరిగ్గా 18 పురుగులున్నాయి. ఆ కుర్రాడు ప్రతిసారీ పురుగు బదులు ఉత్త నీళ్ళు పోసిన ట్యూబు ఒకటి నడపమని చెప్పాడు. ఒక పురుగుని మానుకుని నీళ్ళకి గుంట ఇవ్వడం ఏంటి, అన్యాయం కాదూ అనుకుని పక్కన పెట్టేశా. మేం నీళ్ళు కూడా వృథా చెయ్యని ఇంట్లో పుట్టాం, గుంట వృథా చేస్తామా.

అలా రెండున్నర వారాలు చేశా. ఒక గురువారం జెల్ యూవీ లైటు కింద పెట్టి చూద్దును కదా, 18 లేన్లలోనూ బ్యాండ్లు! ముగ్గు చుక్కలు పెట్టినట్టు ఒకే వరసలో మెరుస్తున్నాయి. ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశా, మా చెల్లి ఎవరికక్కా ఎక్స్‌రే, పడ్డారా అని కంగారుగా ఫోన్ చేసింది. ప్రొఫెసర్‌కి చూపిద్దామని ప్రింట్ తీసుకుని వస్తుంటే ఆ కుర్రాడు చూసి, చాలా బాగుంది, నీళ్ళ లేన్ ఏది, అన్నాడు అంతే. ఏమీ ఎత్తిపొడుపుగా కూడా అనలేదు.

సరే అని వాడి తృప్తి కోసం మళ్ళీ నడిపా, ఈసారి నీళ్ళతో. నీళ్ళ లేన్‌లో బ్యాండ్. మిగతా వాటికంటే కాస్త మందంగానే ఉంది కూడా. పురుగు లేని నీళ్ళలో పురుగు బ్యాండ్ అండీ! అంటే ఎక్కడో ఏదో దాంట్లో పాత డీఎన్ఏ కలిసిపోయింది, నేను రెండున్నర వారాలుగా ఏం పెట్టినా బ్యాండ్ వస్తుంది, బెండకాయ పెట్టినా వస్తుంది.

సోమవారం ల్యాబ్ మీటింగ్‌లో నేను మాట్లాడాలి. ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఫోటోలో నీళ్ళ లేన్ వరకు క్రాప్ చేశా. చివరి గుంటే కదా, కొస కత్తిరిస్తే ఎవరికీ తెలీదు. చేసి, చూసుకుని, చాలా నీట్‌గా ఉందనుకున్నా కూడా. అప్పుడు తట్టింది, ఇది 978.6 కదా అని. అదే చెయ్యి, అదే బుర్ర, పాతికేళ్ళు దాటినా అక్కడే ఉంది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ మీరు అడిగిన దానికి నా అసలు సమాధానం ఇదే కాబట్టి రాస్తున్నా.

పొద్దున పార్కింగ్‌లో కార్లో కూర్చుని మళ్ళీ పూర్తి ఫోటో పెట్టుకుని వెళ్ళా. అందరి ముందూ చూపించి, నీళ్ళలో బ్యాండ్ వచ్చింది, ఇప్పటిదాకా చేసినవన్నీ పనికిరావు అన్నా. తిడతారనుకున్నా, పోనీ అయ్యో అంటారనుకున్నా. ప్రొఫెసర్‌గారు, అరవై దాటిన ఆవిడ, ముందుకు వంగి, ఏ ట్యూబు నీళ్ళు, అని అడిగారు. అంతే, అరగంట పాటు ఎవరి కథ వాళ్ళు మొదలుపెట్టారు, ఒకతను ఇదే తంటాలో నాలుగు నెలలు పోగొట్టుకున్నాట్ట, అదేదో తిరుపతి కొండ నడిచి ఎక్కినట్టు గర్వంగా చెప్తున్నాడు! చివరికి అందరూ వాడే నీళ్ళ ట్యూబే దోషి అని తేలింది. దాన్ని పారేసి, బల్ల, పిపెట్లు బ్లీచ్‌తో తుడిచి, నీళ్ళు కొత్తగా చిన్న చిన్న ట్యూబుల్లో పోసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాం. నీళ్ళకి ఒక గుంట ఇచ్చి మళ్ళీ మొదటి నుంచి చేస్తే 17 పురుగుల్లో నాలుగింటికే బ్యాండ్ వచ్చింది. ఆ నాలుగు బ్యాండ్లు చూసి నేను పడ్డ సంతోషం ఆ 18 చూసి పడలేదు, ఒట్టు.

ఇప్పుడు చెప్పండి, దీన్ని ఏ ట్రైనింగ్‌లో నేర్పుతారు? మాకు ఏడాదికి కొన్ని రోజులు ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ అని పెడతారు, చార్టు పేపర్ మీద రంగు రంగుల చీటీలు అంటించి, పక్కవాళ్ళతో మాట్లాడుకుని, మళ్ళీ అందరి ముందూ చదవాలి. నలభై ఐదేళ్ళ మనిషిని, చీటీలు అంటించడం నేర్పుతున్నారు. ఇండియాలో అయితే కనీసం సమోసా అన్నా పెట్టేవారు.

లెక్కలు కావాలనే వాళ్ళకి ఒక లెక్క కూడా ఉంది. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 1990 నుంచి హైస్కూల్, మిడిల్ స్కూల్ సైన్స్ టీచర్లకి ఇలాంటి ప్రోగ్రామ్ నడిపారు, వరసగా రెండు వేసవులు ల్యాబ్‌లో ఉండాలి. దాని మీద 2009లో ‘సైన్స్’ పత్రికలో పేపర్ వచ్చింది. ఆ టీచర్ల దగ్గర చదివిన పిల్లలు రీజెంట్స్ అనే న్యూయార్క్ రాష్ట్ర సైన్స్ పరీక్షల్లో, టీచర్లు ప్రోగ్రామ్‌లో చేరడానికి ముందు ఏడాది మిగతా వాళ్ళలాగే పాసయ్యారు, ఏ తేడా లేదు. చేరాక మూడు, నాలుగు సంవత్సరాలకి వచ్చేసరికి పాసయిన వాళ్ళ శాతం పది పైచిలుకు ఎక్కువగా ఉంది. నాకు దాంట్లో పది కంటే ఆ మూడు, నాలుగు సంవత్సరాలు అన్న మాట నచ్చింది. నేను కూడా మొదటి ఏడాది వచ్చి పురుగుల కథలు చెప్పి పిల్లల ప్రాణం తీశా తప్ప ఇంకేం చెయ్యలేదు, మార్పు అంతా తర్వాతే. వెళ్ళిన ఏడాదే ఏం సాధించారు అని అడిగే ప్రిన్సిపాల్‌కి ఇది చూపించండి.

ఇంకో మాట, ఇది మన వాళ్ళ మీదే. ఇక్కడి ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఏ బర్త్‌డే పార్టీకి వెళ్ళినా తొమ్మిదో క్లాసు పిల్లల తల్లిదండ్రులు నా చుట్టూ చేరతారు, మా వాడికి సమ్మర్ రీసెర్చ్ ఎక్కడన్నా చూడండి మేడమ్, కాలేజీ అప్లికేషన్‌లో వేసుకోవాలి అని. వంద మంది ప్రొఫెసర్లకి ఈమెయిళ్ళు పెట్టించే వాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఒక్క కుర్రాడి సీట్లో ఒక టీచర్ని కూర్చోబెడితే ఏడాదికి నూట ఇరవై మంది పిల్లలకి అందుతుందయ్యా అంటే, టీచర్లకెందుకండీ, మీకు ఉద్యోగం ఉందిగా అంటారు.

ఇండియా నుంచి చదివేవాళ్ళకి: మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్ ఉంది, విద్యార్థులకే కాదు టీచర్లకి కూడా, కాకపోతే ప్రధానంగా కాలేజీ వాళ్ళ వ్యవహారం. స్కూల్ టీచర్లకైతే అనంతపురం సరిహద్దు దాటగానే కర్ణాటకలో చళ్ళకెరె దగ్గర ఐఐఎస్‌సీ (బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్) క్యాంపస్‌లో ట్రైనింగులు జరుగుతాయి, చేతులతో ప్రయోగాలు చేయిస్తారు. కానీ మన టీచర్లకి వేసవి అనేది మిగిలితేగా, స్పాట్ వాల్యుయేషన్ అయ్యేసరికి ఎలక్షన్ డ్యూటీయో, ఇంకో సర్వేయో రెడీగా ఉంటుంది.

మీరు అడిగిన క్లాసు సంగతికి వస్తా. పోయిన అక్టోబర్‌లో క్యాటలేజ్ (పెరాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైమ్) ల్యాబ్ చేయించా, తెలిసిందే కదా, పచ్చి బంగాళాదుంప ముక్క మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది, ఉడికిన ముక్కలో ఎంజైమ్ పాడైపోతుంది కాబట్టి రాదు. వెనక బల్ల మీద ఒకమ్మాయికి ఉడికిన ముక్కలో కూడా నురగ వచ్చింది. పాత నేనైతే ట్యూబులు తారుమారు చేశావమ్మా, పక్కవాళ్ళది చూసి రాసుకో అనేదాన్ని. ఈసారి, ఏ ముక్క, అని అడిగా. ఆ పిల్ల మళ్ళీ చేసింది, మళ్ళీ నురగ. పెరాక్సైడ్ మార్చింది, ట్యూబు మార్చింది, బెల్ కొట్టారు. మర్నాడు క్లాసు మొదలవకముందే వచ్చి ఫ్రిజ్‌లో దాచిన దుంపని నిలువునా కోసింది, చుట్టూ మెత్తగా ఉంది కానీ నడిమధ్యలో రూపాయి బిళ్ళంత మేర పచ్చిగా గట్టిగా ఉంది, ముక్క అక్కణ్ణించి తీసింది. పొద్దున హడావుడిలో సరిగ్గా ఉడకబెట్టని మనిషిని నేనే. క్లాసంతా లేచొచ్చి ఆ దుంప చుట్టూ మూగారు, ఆ పీరియడ్ కూడా దానికే పోయింది.

రెండు రోజులు సిలబస్ వెనకబడ్డామని మా సూపర్‌వైజర్ పిలిచి కారణం రాసివ్వమన్నారు. దుంప ఉడకలేదు అని రాసిచ్చా.