ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఊళ్లో ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఎలా తెలుసుకోవాలి?

మీ మండలంలో పెద్ద పరిశ్రమకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సభకు నోటీసు పడిందని, ఊళ్లో అనుకూలంగా కొందరు, వ్యతిరేకంగా కొందరు తిరుగుతున్నారని రాశారు. ఎవరి మాట నమ్మాలి, మనలాంటి వాళ్లు వెళ్లి మాట్లాడితే ఫలితం ఉంటుందా అని అడిగారు.

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ జనం మనసు మార్చే పని ఆ రోజు జరగదు, అంతకు ముందే జరిగిపోతుంది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ఆ నెల రోజులు ఊరిని బాగా గమనించండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడి, కొబ్బరి తోటల మీద బతికే కుటుంబం. మా చుట్టుపక్కల ఇలాంటి సభ పెట్టినప్పుడు ఆ నెలలో ఏం జరిగిందో చెబుతాను. రామమందిరానికి కొత్త రంగులు పడ్డాయి. జాతరకు ఎన్నడూ లేనంత చందా వచ్చింది. కుర్రాళ్లకు క్రికెట్ కిట్లు ఇచ్చారు. అంతకు ముందు ఎవరూ వినని నిరుద్యోగ యువత సంఘం పేరుతో జంక్షన్‌లో ఫ్లెక్సీలు లేచాయి. ఆ ఫ్లెక్సీల మీద ఫొటోలున్న వాళ్లలో ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రాడు ఒక్కడూ లేడు. టిప్పర్లు, జేసీబీలు ఉన్నవాళ్లు, మట్టి తోలే కాంట్రాక్టు కోసం చూస్తున్నవాళ్లు ఉన్నారు. కాంట్రాక్టు కోరుకోవడం తప్పు కాదు. దాన్ని దాచిపెట్టి ఊరి పిల్లల పేరు చెప్పుకోవడమే నాకు బాధ కలిగించింది.

వ్యతిరేకించే వైపు కూడా అందరూ ఒకలా లేరు. చేపల వేట మీద బతికేవాళ్లు, కౌలుకు చేసుకునేవాళ్లు తమ కష్టం తాము చెప్పుకున్నారు. వాళ్ల మధ్యలో ఒకాయన మాత్రం ఫ్యాక్టరీ వస్తే ఇంటికొకరికి క్యాన్సర్ వస్తుందని కరపత్రాలు పంచాడు. ఆ మాట ఎక్కడిదని అడిగితే జవాబు లేదు. ఆయన అప్పటికే రైతుల దగ్గర భూములకు అగ్రిమెంట్లు రాయించుకున్నాడని, పరిహారం రేటు పెరిగేదాకా గొడవ సాగాలన్నదే ఆయన కోరిక అని తర్వాత బయటపడింది. కిడ్నీ జబ్బుతో నలిగిపోయిన ఉద్దానంలో జబ్బు పేరు చెప్పి భయపెట్టడం చాలా తేలిక. అందుకే ఆ పని చేసినవాణ్ణి నేను క్షమించలేను.

కాబట్టి నా కొలత ఇదీ: తనకేం లాభమో, ఏం నష్టమో ముందే చెప్పి మాట్లాడే మనిషి మాట వినొచ్చు. పలాస జీడి విషయమే చూడండి. మద్దతు ధర కావాలని రైతులు అడుగుతారు. దిగుమతి జీడి పిక్కలు వస్తుంటే అంత పెట్టలేమని వ్యాపారులు అంటారు. ఇద్దరికీ స్వార్థం ఉంది, ఇద్దరూ దాన్ని దాచరు. అందుకే ఆ వాదన వింటే ఎవరి లెక్క ఏమిటో మనకు అర్థమవుతుంది. మీ ఊళ్లో తిరిగే ప్రతి బృందాన్నీ ఇదే అడగండి: ఇది వస్తే మీకేంటి, రాకపోతే మీకేంటి?

ఇక సభ సంగతి. షామియానా కింద ముందు వరుసలన్నీ పొద్దున్నే నిండిపోయాయి. బస్సుల్లో వచ్చినవాళ్లు చాలామంది వేరే మండలాల వాళ్లు. మైకు దగ్గరికి వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు "మా ప్రాంతం అభివృద్ధి చెందుతుంది, మా పిల్లలకు ఉపాధి దొరుకుతుంది" అని అవే మాటలు, అదే వరసలో చెప్పారు. ఒకాయన అయితే చేతిలో చీటీ చూసుకుంటూనే చదివాడు. తర్వాత వెనక నుంచి ఒక ముసలావిడ లేచి, కంపెనీ వాళ్ల మ్యాపు వైపు చెయ్యి చూపిస్తూ, "మా సెరువు ఇందల కనపడ్డం నేదేటి బాబూ?" అని అడిగింది. అంతే, ఇంకేమీ అనలేదు. సభ మొత్తంలో జవాబు చెప్పి తీరాల్సిన మాట అదొక్కటే. అది మినిట్స్‌లో, అంటే సభలో జరిగినదాన్ని నమోదు చేసే కాగితంలో, రాసుకోవాల్సి వచ్చింది.

ఎందుకంటే ఈ సభ ఓటింగ్ కాదు. కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న నియమం, లేదు; ఎక్కువమంది చేతులెత్తితే గెలిచినట్టు కాదు. హాజరైన ప్రతి ఒక్కరికీ సమాచారం అడిగే అవకాశం ఇవ్వాలి, మొత్తం వీడియో తీయాలి, చివర్లో మినిట్స్‌ను స్థానిక భాషలో చదివి వినిపించాలి. లేవనెత్తిన అంశాలకు కంపెనీ తన తుది పర్యావరణ ప్రభావ నివేదికలో సమాధానం ఇవ్వాలి. వెయ్యి మంది జేజేలు కొట్టినా ఫైల్లో ఒక్క వాక్యంగా మిగులుతుంది. ఒక చెరువు, ఒక కాలువ, ఒక సర్వే నంబరు గురించి సూటిగా అడిగిన ప్రశ్న మాత్రం ఆ ఫైలు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది.

మా జిల్లాలోని సోంపేట గుర్తుందా? 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కోసం ఎంచుకున్న బీల నేలను, అంటే చిత్తడి నేలను, కాగితాల మీద పనికిరాని భూమిగా చూపించారు. అక్కడ నీళ్లున్నాయి, చేపలున్నాయి, దాని మీద ఆధారపడ్డ సాగు ఉంది. ప్రజలు వీధిలో పోరాడుతూనే ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి మీద అప్పీలుకూ వెళ్లారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు కోల్పోయారు. పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది కూడా ఆ రోజే. నేలకూ కాగితానికీ ఉన్న తేడాను ముందే పట్టించుకుని ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మీరు ఇప్పుడే చేయాల్సిన పని: కంపెనీ ఇచ్చిన పర్యావరణ ప్రభావ నివేదిక తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఉండాలి. వెళ్లి చదవండి. మీ ఊరి చెరువులు, గెడ్డలు (వాగులు), శ్మశానం, వేటకు వెళ్లే దారి అందులో ఉన్నాయో లేవో చూడండి. లేనివాటి జాబితా రాసి కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద రసీదు వేయించుకోండి. మైకు దొరక్కపోయినా ఆ కాగితం లెక్కలోకి వస్తుంది. సభ అయ్యాక మినిట్స్ పంచాయతీ ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలి. పెట్టకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తుకు పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.