పొట్టేలు పిల్లలు కొనే ముందు మేత డబ్బు పక్కన పెట్టండి

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బెంగళూరులో తొమ్మిదేళ్లు డ్రైవరుగా చేసి ఈ ఏడాది ఊరికి వచ్చేశాను. నాలుగు ఎకరాల మెట్ట ఉంది. బోరు ఉన్నా నీళ్లు అంతంత మాత్రమే. బ్యాంకులో రూ.4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఇల్లు గడవడానికి నెలకు రూ.20 వేలు కావాలి. పొట్టేలు పిల్లలను ఒక్కొక్కటి రూ.6,500 చొప్పున 50 కొని, రూ.60 వేలతో షెడ్డు వేసి, నాలుగు నెలలు మేపి అమ్మితే డబ్బు రెట్టింపు అవుతుందని సంతలో తెలిసినాయన చెబుతున్నాడు. తక్కువ పడితే ఇంట్లో నగలు కుదువ పెడదామనుకుంటున్నా. సబ్సిడీ కూడా వస్తుందంటున్నారు. డిపాజిట్ తీసేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో అన్ని లెక్కలూ ఉన్నాయి, మేత లెక్క ఒక్కటే లేదు. సంతలో ఆయన కూడా అది చెప్పి ఉండడు. కొన్న ధర, అమ్మిన ధర, మధ్యలో తేడా, ఇంతే ఆయన లెక్క. ఆ మధ్యలో పిల్ల 120 రోజులు తింటుంది.

50 పిల్లలకు రూ.3,25,000, షెడ్డుకు రూ.60,000. చేతిలో మిగిలేది రూ.15,000. ఒక్కో పిల్లకు మేత, దాణా కలిపి రోజుకు దాదాపు రూ.14 పడుతుంది. అది ఎలా వచ్చిందో కింద చెబుతాను. 50 పిల్లలకు రోజుకు రూ.690. అంటే 22వ రోజుకు జేబు ఖాళీ. పిల్లలు ఇంకా 98 రోజులు తినాలి. ఆ 22వ రోజున ఎవరైనా ఏం చేస్తారో నాకు తెలుసు. దాణా తగ్గిస్తారు. ‘బీడులో తిప్పుకొస్తే సరిపోతుందిలే’ అంటారు. నష్టం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అందుకే నా జవాబంతా మేత చుట్టూనే తిరుగుతుంది, విసుక్కోకండి.

మన దగ్గర దొరికే నెల్లూరు జాతి, అందులో జోడిపి రకం అయినా, పల్ల అయినా, దొర అయినా, ఒంటి నిండా వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. ఎండకు అది వరమే. కానీ కత్తిరించి అమ్ముకోవడానికి ఏమీ లేదు. (దక్కనీ గొర్రెకు ఉన్ని ఉంటుంది. ఆ ఉన్నికి ఇప్పుడు పలికే ధర సంగతి వేరే కథ.) కాబట్టి మీ ఆదాయమంతా పిల్ల ఒంటి మీద కొత్తగా పట్టే కిలోల్లోనే ఉంది. కిలో పెరగడానికి మేతకు ఎంత పెట్టారు, ఆ కిలో ఎంతకు అమ్ముడుపోతుంది, ఈ రెండూ తెలిస్తే చాలు.

తిన్న మేతలో మొదటి వాటా ప్రాణం నిలబెట్టుకోవడానికే పోతుంది. నడకకు, ఊపిరికి, ఎండలో రొప్పడానికి. ఆ వాటా తీరాకే కండకు మిగులుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, ఎండాకాలం బీడులో పిల్ల రోజంతా నడిచి తెచ్చుకునేది ఆ మొదటి వాటాకే చాలీ చాలకుండా ఉంటుంది. మేపు మీదే వదిలేస్తే రోజుకు 40 నుంచి 60 గ్రాములు పెరగడమే గొప్ప. దొడ్డిలో కట్టి మంచి దాణా పెడితే 100 నుంచి 150 గ్రాములు పెరుగుతుంది.

ఇప్పుడు మీ పిల్లనే తీసుకుందాం. 13 కిలోల పిల్ల, 120 రోజులు, రోజుకు 110 గ్రాములు. చివరికి 26 కిలోలు. ఎదిగే పిల్ల తన బరువులో సుమారు 4 శాతం ఎండు మేత లెక్కన తింటుంది. సగటున 20 కిలోలు అనుకుంటే రోజుకు 800 గ్రాములు. మేతలో ఉండే కాస్త తేమ కూడా కలుపుకుని, దానికి దాణా 350 గ్రాములు, వేరుశనగ కట్టె (కాయ కోశాక మిగిలే ఎండు తీగ) అర కిలో పెట్టాలి. దాణా కిలో రూ.28 చొప్పున 42 కిలోలకు రూ.1,176. కట్టె కిలో రూ.8 వేసుకుంటే 60 కిలోలకు రూ.480. మొత్తం రూ.1,656, అంటే రోజుకు పద్నాలుగు రూపాయలకు కాస్త తక్కువ. ‘కట్టె మన చేనిదే కదా, ఖర్చేముంది’ అనకండి. అమ్మితే డబ్బు వచ్చే కట్టెను మేపుతున్నారు, దాని ధర రాయాల్సిందే.

దీనికి పిల్ల ధర రూ.6,500, మందులు, టీకాలకు రూ.150, బండి బాడుగ రూ.100, నూటికి నాలుగు చనిపోతాయనుకుని రూ.260 కలపండి. రూ.8,666 అయింది. ఒంటి బరువు కిలో రూ.400 చొప్పున 26 కిలోలు అమ్మితే రూ.10,400. మిగిలేది రూ.1,734. రెట్టింపు ఎక్కడుంది? 50 పిల్లలకు రూ.86,700, నెలకు దాదాపు రూ.21,700. మీ కూలీ, షెడ్డు ఖర్చు ఇందులో కలపలేదు. చెడ్డ వ్యాపారమని అనను, కానీ మీ ఇంటి ఖర్చుకు బొటాబొటి.

ఇక దాణా తగ్గించిన మనిషి లెక్క చూద్దాం. లెక్క సులువు కోసం 120 రోజులూ తగ్గించాడనే వేసుకుందాం. దాణా రోజుకు 100 గ్రాములే, అందుకని పిల్ల పెరిగేది 60 గ్రాములే అనుకుందాం. దాణా ఖర్చు రూ.336కు దిగింది, రూ.840 మిగిలింది. సంతోషమే. కానీ పిల్ల 26 కిలోలకు బదులు 20 కిలోల దగ్గరే ఆగింది. అమ్మితే రూ.8,000. అంటే రూ.840 మిగుల్చుకోబోయి రూ.2,400 పోగొట్టుకున్నాడు. చివరికి పిల్లకు మిగిలింది రూ.174.

ధర పడినా ఇంతే. 26 కిలోల పిల్లను కిలో రూ.350కి అమ్మాల్సి వస్తే మిగిలేది రూ.434. ఈ ధరలన్నీ లెక్క కోసం వేసుకున్నవి. మీ సంతలో ఈ వారం పలుకుతున్న ధరలు పెట్టి ఇదే లెక్క మళ్లీ వేయండి. సంతలో కంటి చూపు మీదే బేరం జరుగుతుంది కాబట్టి, వేలాడే కాటా ఒకటి కొనుక్కోండి. గోనెసంచిలో నాలుగు కాళ్లకు రంధ్రాలు చేసి, పిల్లను అందులో దించి, కాటాకు తగిలిస్తే అర నిమిషం పని. పన్నెండు కిలోల పిల్లను పదిహేను అని చెప్పి అంటగట్టే ఆటకు అక్కడితో తెర పడుతుంది.

దాణా విషయానికి వద్దాం. 20 కిలోల లోపు పిల్లకు తినే మొత్తం మేతలో మాంసకృత్తులు 14 నుంచి 16 శాతం ఉండాలి. తర్వాత 12-14 చాలు. వందకిలోల దాణాకు మొక్కజొన్న నూక 40 కిలోలు, వేరుశనగ చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి) 25, నూనె తీసిన తవుడు 20, కంది పొట్టు లేదా శనగ పొట్టు 12, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. కిలో రూ.28 అని నేను వేసుకున్నది దీనికే. చెక్కకు బూజు వాసన తగిలితే ఎంత చవకైనా ముట్టుకోకండి. వేరుశనగకు పట్టే బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. ఖనిజ మిశ్రమం కూడా గొర్రెలకని రాసి ఉన్నదే తీసుకోండి. ఆవులకు, కోళ్లకు చేసిన మిశ్రమంలో రాగి ఎక్కువ ఉంటుంది, గొర్రె దాన్ని కాలేయంలో పోగేసుకుని ఒకరోజు ఉన్నట్టుండి పడిపోతుంది.

పొట్టేళ్లకు ఇంకో గండం మూత్రంలో రాళ్లు. తవుడు, గింజలు ఎక్కువైతే భాస్వరం ఎక్కువవుతుంది. సున్నం (కాల్షియం) రెండు పాళ్లుంటే భాస్వరం ఒక పాలు ఉండాలి. వేరుశనగ కట్టెలో సున్నం బాగానే ఉంటుంది, మనకు అది కలిసొచ్చింది. కట్టె మానేసి వట్టి దాణా మీద పెంచుదామనుకునేవాళ్లకే ఇబ్బంది. నీళ్లు తక్కువైతే అది మరీ ముదురుతుంది. ఎండాకాలం పిల్లకు రోజుకు మూడు నాలుగు లీటర్లు నీడలో పెట్టి ఉంచాలి. మధ్యాహ్నం ఎండకు అవి ఎలాగూ తినవు. దాణా తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి పెట్టండి. బోరు నీళ్లు పది సెంట్లకు అందినా దశరథ గడ్డి వేయండి, గట్టున అవిశ నాటండి. రెండింటిలోనూ మాంసకృత్తులు ఎక్కువ. చెక్క ఖర్చు కొంత తగ్గుతుంది.

దాణాకు వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయాలి. ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట మా నాన్నా నేనూ కలిసి పదిహేను పిల్లలు కొన్నాం. మొక్కజొన్న మూట దొడ్డి మూలనే పెట్టి పడుకున్నాను. రాత్రి ఏ పిల్ల చింపిందో, పొద్దున లేచేసరికి మూట సగమైంది. మూడు పిల్లలు పొట్ట ఉబ్బి, పళ్లు కొరుకుతూ పడి ఉన్నాయి. మధ్యాహ్నానికి మూడూ పోయాయి. మిగిలిన పన్నెండు బాగానే పెరిగాయి కానీ, ఆ బ్యాచ్ లాభమంతా ఆ మూడింటితోనే పోయింది. ఊళ్లో వాళ్లకు డబ్బు సలహాలు చెప్పే నేను, మూటకు తలుపున్న గది చూసుకోలేకపోయాను. అమ్మ ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

పిల్లలు రాగానే నట్టల మందు, తర్వాత ఉన్నట్టుండి చంపేసే చిటుకు రోగానికి, పీపీఆర్ అనే అంటువ్యాధికి టీకాలు పశువైద్యుడు చెప్పిన వరుసలో వేయించండి. చెవికి పోగు వేయించి బీమా చేయండి. జాతీయ పశుసంపద మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే. పోగు ఊడిపోతే క్లెయిమ్ రాదు, అది మాత్రం చూసుకోండి.

ఎప్పుడు కొనాలన్నది కూడా డబ్బు ప్రశ్నే. బక్రీద్‌కు అమ్ముదామని చాలామంది ఆశ. ఆ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది, 2026లో మే చివరన. అంటే మేపాల్సింది ఫిబ్రవరి నుంచి మే దాకా, ఊళ్లో పచ్చి పరక దొరకని రోజుల్లో. ధర బాగుండొచ్చు, మేత మాత్రం మొత్తం కొనాల్సిందే. కుంటివి, కొమ్ము విరిగినవి ఆ బేరంలో పనికిరావు. మొదటిసారికి నేనైతే వానలు పడ్డాక ఆగస్టు, సెప్టెంబరులో కొని కనుమ నాటికి అమ్మేలా చూస్తాను. ఎండలకు చిక్కి, జబ్బు లేని పిల్లలు అప్పుడు దొరుకుతాయి. మంచి మేత పడగానే అవి చప్పున పుంజుకుంటాయి.

ఇక మీ డబ్బు. డిపాజిట్ రద్దు చేయకండి. 50 కాదు, 20 పిల్లలు కొనండి. పిల్లలకు రూ.1,30,000, మేత దాణాకు రూ.35,000, మందులు బాడుగలకు రూ.5,000. పాత పశువుల పాక ఉంటే దాన్నే బాగుచేసుకోవడానికి రూ.20,000. మొత్తం రూ.1,90,000. దీన్ని డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్‌గా, అంటే డిపాజిట్‌ను అలాగే ఉంచి దాని మీద అప్పుగా తీసుకోండి. డిపాజిట్ వడ్డీ మీద సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అదీ వాడుకున్న రోజులకే. రెండు శాతమే అనుకున్నా నాలుగు నెలలకు నికరంగా మీద పడేది పన్నెండు వందల చిల్లర. మేత డబ్బు రూ.35,000 మొదటి రోజే వేరే ఖాతాలో వేసి, పిల్లలు కొనేటప్పుడు బేరం ఎంత నోరూరించినా దాన్ని తాకకండి. ఇంకో రెండు పిల్లలు వస్తాయని ఆ డబ్బులో చెయ్యి పెడితే మళ్లీ 22వ రోజు కథే.

మిగిలిన రూ.2,10,000లో రూ.1,20,000 మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు. రూ.90,000 రెండో బ్యాచ్‌కో, ఆపదకో. 20 పిల్లలతో మిగిలేది రూ.35 వేల లోపే, దాంతో ఇల్లు గడవదు. 20 పిల్లల పని పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. పగలు ట్రాక్టరో, ఆటోనో నడపండి. మీ చేతిలో ఉన్న పని వదులుకోవద్దు.

నగలు బీరువాలోనే ఉండనివ్వండి. రెండో బ్యాచ్‌కు అప్పు కావాలంటే పశుపోషణకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డుకు ఇప్పుడే బ్యాంకులో దరఖాస్తు పెట్టండి. రూ.2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే. చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు, అందుకే ఇప్పుడే అంటున్నాను.

సబ్సిడీ సంగతి: జాతీయ పశుసంపద మిషన్‌లో 50 శాతం రాయితీ ఉన్న మాట నిజమే. అది 100 తల్లి గొర్రెలు, 5 విత్తనపు పొట్టేళ్లతో మొదలయ్యే, మందలో పిల్లలను పుట్టించే సంతతి యూనిట్లకు. ఆ యూనిట్‌కు రూ.10 లక్షల వరకు ఇస్తారు. పిల్లలను కొని మేపి అమ్మే మీ పనికి అది రాదు. ఇప్పిస్తానని ఎవరైనా ముందు డబ్బు అడిగితే గుమ్మం దాటనివ్వకండి. ఇంకో చిన్న మాట, గొర్రెల పెంపకం మీద వచ్చే ఆదాయం పన్ను లెక్కలో వ్యవసాయ ఆదాయం కింద రాదు. ఈ స్థాయిలో మీకు పన్ను పడదు, కానీ పుస్తకం రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఆ పుస్తకంలో మొదటి గీత, కొన్న రోజు తూకం. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, మేత పెట్టకముందు మళ్లీ తూచండి. 30వ రోజుకు సగటున మూడు కిలోలు పెరగాలి. రెండున్నర కిలోల లోపే ఉంటే, రెండో నెల దాణా కొనే ముందు పశువైద్యుడికి పేడ పరీక్షకు పంపండి. నట్టలున్న పిల్లకు పెట్టే దాణా డబ్బు నట్టలే తింటాయి. 26 కిలోలు దాటాక పెరిగేదాంట్లో కొవ్వు వాటా ఎక్కువవుతుంది, కిలోకు మేత ఎక్కువ పడుతుంది. ఇంకో రెండు వారాలు ఉంచితే ధర పెరుగుతుందని ఎవరైనా అంటే, ఆ రెండు వారాల మేత ఖర్చు, రోజుకు రూ.14 కాదు, అప్పటికి రూ.17-18 అవుతుంది, అది వేసి చూసుకుని చెప్పండి.