పద్దు దిద్దితే పట్టిచ్చే గణితం

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కిరాణా దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఇక్కడి కాలేజీలోనే గణితంతో ప్లస్ త్రీ (డిగ్రీ) రెండో ఏడు చదువుతోంది. ఆన్‌లైన్ చెల్లింపుల లెక్కలను ఎవరూ తారుమారు చేయకుండా కాపాడే క్రిప్టోగ్రఫీ నేర్చుకుంటానని, అందుకు ముందు ఎమ్మెస్సీ గణితం చేస్తానని అంటోంది. భువనేశ్వర్‌లో ఆరు నెలల బ్లాక్‌చెయిన్ కోర్సు ఉంది. 1,80,000 రూపాయలు కడితే ఉద్యోగం ఖాయమంటున్నారు. అమ్మాయికి చెప్పకుండా 20,000 అడ్వాన్సు కట్టాను. రెండింటిలో ఏది మేలు? ఆడపిల్లను దూరం పంపాలంటే భయం. పైగా మేము ఒడిశాలో తెలుగువాళ్లం, ఆంధ్రాలో లోకల్ కాము.

జవాబు: అయ్యా, రెండు చదువుల్లో ఏది మేలని అడిగారు గాని, మీ అసలు ఉత్తరం చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. బరంపురం నుంచి, గుణుపురం నుంచి, రాయగడ నుంచి ఏటా నాకు ఇదే ఉత్తరం వస్తుంది. కోర్సు పేరు మాత్రం మారుతూ ఉంటుంది. ఆ భయం సంగతికి వస్తాను. ముందుగా మీ అమ్మాయి చదవదలచుకున్నదేమిటో మీకు తెలియాలి, ఎందుకంటే దాని మూలం మీ గల్లాపెట్టె పక్కనున్న చిట్టాలోనే ఉంది.

చిట్టాలో పేజీ నిండగానే మొత్తం కట్టి, ఆ అంకెను తరువాతి పేజీ నెత్తిన వేసుకుంటారు కదా. మధ్యలో ఎవరైనా ఒక పద్దు దిద్దితే మొత్తాలు కలవవు. కాని తెలివైన గుమాస్తా ఒక పద్దులో 30 రూపాయలు తగ్గించి మరొక పద్దులో 30 పెంచితే మొత్తం చెక్కుచెదరదు, దొంగతనం బయటపడదు. హ్యాష్ అనే గణిత ప్రక్రియ పూడ్చేది ఈ కంతనే. అది పేజీలోని ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంకెనూ కలగలిపి ఒక నిర్ణీతమైన పొడవుగల సంఖ్యను ఇస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అది 256 బిట్లు (0, 1 అంకెలు), కాగితం మీద రాస్తే 64 గుర్తులు. 30ని 31 చేసినా, ఖాతాదారు పేరులో ఒక్క సున్న జారినా ఆ గుర్తులు దాదాపు అన్నీ మారిపోతాయి. పద్దులు మార్చి కూడా అదే సంఖ్య వచ్చేలా చేయడం ఇప్పటి కంప్యూటర్ల వల్ల అయ్యే పని కాదు. ఒక పేజీ హ్యాష్‌ను తరువాతి పేజీలో చేర్చి మళ్లీ హ్యాష్ కడుతూ పోతే, మీరు మొత్తాలు దింపుకొన్నట్లే అదొక గొలుసు అవుతుంది.

అయితే పుస్తకమంతా తన చేతిలో ఉన్నవాడు దిద్దిన పేజీ నుంచి చివరిదాకా గొలుసును తిరగరాయగలడు. అందుకే చివరి హ్యాష్‌ను అతని చేతికందని చోట ఉంచాలి, లేదా అతని దగ్గర లేని రహస్య తాళంతో, అంటే గుట్టుగా ఉంచిన ఒక పెద్ద సంఖ్యతో, దానికి డిజిటల్ సంతకం చేయించాలి. స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు ఈ గొలుసు ఆలోచనను 1991లోనే ప్రచురించారు. 1995 నుంచి వారి సంస్థ ఆ వారపు హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించేది, ఎందుకంటే అచ్చయి ఊరూరా చేరిన పత్రికను ఎవరూ వెనక్కి తెచ్చి దిద్దలేరు. ఇలాంటి గొలుసు మీదే, అంటే బ్లాక్‌చెయిన్ మీదే, నడిచే డిజిటల్ డబ్బు బిట్‌కాయిన్‌ను ప్రతిపాదించిన పత్రం వచ్చింది 2008లో. ఆరు నెలల కోర్సు వారు కొత్త వింతగా చూపించే గొలుసు అంతకు చాలా ముందుదని చెప్పడానికే ఈ తేదీలు రాశాను.

బ్లాక్‌చెయిన్ అంటే నాకున్న అనుమానాన్ని దాచుకోను. ఒకరినొకరు నమ్మని, పైన పెద్దదిక్కు లేని వారు కలిసి ఒకే ఆవర్జా రాసుకోవలసి వచ్చినప్పుడు అది పనికివస్తుంది. మన బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఉంది. మీ దుకాణంలో రోజంతా మోగే యూపీఐ చెల్లింపులు 2016 నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే కేంద్ర వ్యవస్థ మీదుగా బ్యాంకుల మధ్య సాగుతున్నాయి; దానికి బ్లాక్‌చెయిన్ ఆధారం కాదు. ఆ లెక్కలను కాపాడేవి సంకేతీకరణ (సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చడం), సంతకాలు, తాళాల నిర్వహణ. బ్యాంకు నగదు పెట్టెకు రెండు తాళాలుండి, ఇద్దరు వస్తే గాని తెరుచుకోనట్లే, ఇక్కడ కూడా ముఖ్యమైన రహస్య తాళాన్ని ఏ ఒక్కరి చేతా పెట్టరు. విప్పబోతే తనలోని తాళాలను తానే చెరిపేసుకునే ప్రత్యేక పెట్టెలో దాన్ని ఉంచుతారు. ఆరు నెలల్లో ఎవరో రాసి పెట్టిన ప్రోగ్రాములను అతికించడం వస్తుందేమో గాని, ఈ నమ్మకం ఎక్కడ తెగుతుందో పసిగట్టే చూపు రాదు.

ఆ చూపు గణితం నుంచి వస్తుంది. ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి 2004లో బద్దలైంది, ఎస్‌హెచ్‌ఏ-1 బలహీనతను 2017లో కళ్లకు కట్టినట్టు చూపించారు, క్వాంటం కంప్యూటర్లకు తట్టుకొనేందుకు అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో కొత్త పద్ధతులను విడుదల చేసింది. పనిముట్టు మారిన ప్రతిసారీ పాత పనిముట్టును మాత్రమే నేర్చినవాడు మళ్లీ ఫీజు కడతాడు.

మరొక నిజం కూడా చెప్పాలి. కొత్త సంకేత పద్ధతులు కనిపెట్టే ఉద్యోగాలు మన దేశంలో కొద్దే. ఎక్కువ మంది చేసేది తాళాల నిర్వహణ, తనిఖీ, లోపాల పరీక్ష వంటి ఓపిక పనులు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు ఖాతాదారుల కార్డు నంబర్లను దాచుకోకూడదు, వాటి స్థానంలో టోకెన్లు అనే మారు సంఖ్యలు వాడాలి. ఇలాంటి ప్రతి నియమం వెనకా కొంత పని పుడుతుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు జతచేసే ధ్రువపత్రంలో దాని హ్యాష్ కూడా రాయాలి. అంటే ఈ విద్య జిల్లా కోర్టు గుమ్మం దాకా వచ్చేసింది.

ఇక మీ భయం. ఎమ్మెస్సీకి ఐఐటీలు పెట్టే జామ్ అనే ప్రవేశ పరీక్షలో గాని, హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రవేశంలో గాని ఆంధ్రా లోకల్, నాన్‌లోకల్ అన్న అడ్డుగోడ లేదు. భువనేశ్వర్ ఐఐటీ ఉంది. అదీ దూరమనిపిస్తే బరంపురం విశ్వవిద్యాలయం ఉంది. ఎమ్మెస్సీ తరువాత కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో క్రిప్టాలజీలో ఎంటెక్ ఉంది. బడిలో ఒడియాలో రాస్తూ, ఇంట్లో తెలుగులో లెక్క కట్టుకుంటూ పెరిగిన పిల్లలు ఇంగ్లీషు పరీక్ష దగ్గర తడబడడం చూశాను గాని, గణితం దగ్గర వెనకబడడం చూడలేదు.

కొంచెం కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. ఆరు నెలలు భువనేశ్వర్‌లో ఉంచడానికి లేని భయం, రెండేళ్ల ఎమ్మెస్సీ అనగానే ఎక్కడి నుంచి వచ్చింది? ఆడపిల్ల అన్న మాట అప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? చదివేది ఆమె అయినప్పుడు, ఆమెకు తెలియకుండా డబ్బు కట్టడం ఏ లెక్క? ఉద్యోగం ఖాయమన్న మాట రసీదు మీద ఉందేమో చూడండి. పేరు చెప్పను గాని, ఇలాంటి సంస్థ ఒకటి విద్యార్థికి ఇంత అని నాకే కమీషను ఇవ్వజూపింది. ఆ కమీషను ఎవరి ఫీజులోంచి వస్తుందో మీబోటి వ్యాపారికి చెప్పనక్కరలేదు. వాపసు షరతులు చదివి, ఈ వారంలోనే అడ్వాన్సు తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. అది రాకపోయినా మిగతా 1,60,000 కట్టకండి.

తరువాత ఒక సాయంత్రం పోయిన నెల చిట్టాను అమ్మాయి చేతికివ్వండి. పైథాన్ అనే కంప్యూటరు భాషలో హ్యాష్ కట్టే సాధనం ఉచితంగానే దొరుకుతుంది. పద్దులన్నీ ఎక్కించి, పేజీ పేజీకీ గొలుసు కట్టి, ఆ హ్యాష్‌లను తన దగ్గర దాచుకోమనండి. ఆమె చూడకుండా కంప్యూటరులో ఏదో ఒక పద్దులో 30 రూపాయలు తగ్గించి, అదే పేజీలో మరొక దానిలో 30 పెంచండి. మీరు ఏ పేజీలో చేయి పెట్టారో ఆమే వచ్చి చెబుతుంది.