ఎర్ర గౌను, నూట పదహారు డాలర్లు

ప్రశ్న: అక్కయ్యగారూ, మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అబ్బాయికి 31 ఏళ్లు, మంచి ఉద్యోగం, పెళ్లి కాలేదు. 2025 జూన్‌లో ఎయిడ్స్ కోసమని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఏడు రోజులు సైకిల్ తొక్కాడు. అదే ఆఖరి యాత్రట. ముందు మమ్మల్ని చందా అడిగితే మావారు "ఇవ్వాలనుకున్నవాడు నేరుగా చెక్కు రాసి ఇస్తాడు, మధ్యలో ఈ సైకిలెందుకు?" అని కసిరారు. ఏమీ ఇవ్వలేదు. మొన్న తెలిసినవాళ్లింట్లో వాడి ఫొటో చూపించారు. ఎర్ర గౌను తొడుక్కుని సైకిల్ మీద ఉన్నాడు. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. వాడికి ఆ జబ్బేమన్నా ఉందా? అసలు జనం ఇలాంటివాటిలో ఎందుకు చేరతారు?
– ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ గౌను సంగతి తేల్చేద్దాం, ఇవాళైనా మీరు నిద్రపోవాలి. యాత్ర ఐదో రోజున అందరూ ఎరుపు వేసుకునేవారు. ఆ రోజు శాంటా మరియా నుంచి లోంపోక్ దాకా, మిగతా రోజుల కంటే దూరం తక్కువ. కొండ మలుపుల్లో ఎర్ర బట్టల బారు సాగుతుంటే ఎయిడ్స్ గుర్తయిన ఎర్ర రిబ్బన్ దారి మీద పరిచినట్టు కనిపించాలని ఆలోచన. "ఎరుపు వేసుకోండి" అన్న మాట నలుగురి నోళ్లలో నాని "ఎర్ర గౌను వేసుకోండి" అయిందని చెప్పుకుంటారు. నేను వెళ్లిన 2011లో మా టెంట్ల వరసలో అందరికన్నా ఎక్కువ కుచ్చుల గౌను తొడిగింది ఒక ప్లంబరు, ముగ్గురు పిల్లల తండ్రి. నేను హెల్మెట్ మీంచి ఎర్ర చున్నీ చుట్టుకున్నాను. చక్రంలో పడితే మెడ విరుగుతుందని ఒక రోడీ కేకలేసి విప్పించాడు. రోడీలంటే సామాన్లు మోసి, వంట వడ్డించి, మమ్మల్ని తిట్టి బతికించే స్వచ్ఛంద సేవకులు.

ఇక జబ్బు. సైకిల్ తొక్కినంత మాత్రాన ఎవరికుందో ఎవరికి లేదో తెలియదు. హెచ్‌ఐవీ ఉన్న సైక్లిస్టులకు పాజిటివ్ పెడలర్స్ అని ఒక బృందమే ఉండేది. దాచుకోవడం ఇష్టం లేక సైకిల్‌కి జెండా కట్టుకుని తొక్కేవారు. మూడో రోజు కింగ్ సిటీ దాటాక క్వాడ్‌బస్టర్ అని ఒక కొండ వచ్చేది. తొడ కండరాల పని పడుతుందని ఆ పేరు. సగంలో నా పని అయిపోయింది. దిగి నడుద్దామనుకుంటుంటే వెనకనుంచి ఎవరిదో అరచెయ్యి నా వీపు మీద ఆనింది, పైదాకా తోసింది. మాట్లాడే ఊపిరి కూడా లేదు నాకు. తిరిగి చూసేసరికి ఆయన ఇంకొకరిని తొయ్యడానికి కిందికి దిగుతున్నాడు, సైకిల్ వెనక ఆ జెండా. గట్టిగా తొక్కగలిగినవాళ్లు ఆ కొండ రెండుసార్లు, మూడుసార్లు ఎక్కేవారు, ఇతరుల కోసం.

ఒకవేళ మీ అబ్బాయికి ఉన్నా భయపడవలసిన రోజులు కావివి. నేను చాలా ఏళ్లు ఇక్కడ ఫార్మసీలో పనిచేశాను. 1996లో కొత్త మందుల కలయిక వచ్చినప్పుడు మేము ఇచ్చిన ఒక మాత్ర ఎనిమిది గంటలకోసారి, ఖాళీ కడుపుతో, కడవెడు నీళ్లతో మింగాలి. దానితో పాటు మరిన్ని. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్క మాత్ర. క్రమం తప్పక వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకి అందనంతగా తగ్గి అలాగే ఉంటే, శారీరక సంబంధం వల్ల ఇంకొకరికి అంటదు కూడా.

మీరు రాయకుండా వదిలేసిన ప్రశ్న కూడా నాకు వినిపించింది. ఈ యాత్రలో గేలు చాలామంది ఉండేవారు. ఉండరా మరి? 1981 జూన్‌లో ఈ జబ్బు గురించి వచ్చిన మొదటి నివేదిక లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు గే యువకుల గురించే. ఆ తర్వాత పదిహేనేళ్లు ఈ రాష్ట్రంలో తమవాళ్లని తామే సాగనంపుకున్న జనం వాళ్లు. కానివాళ్లూ బోలెడంతమంది వచ్చేవారు. మీ అబ్బాయి సంగతి ఫొటో చెప్పదు. చెప్పాలనుకుంటే అతనే చెబుతాడు, అదీ మీ ముఖం చూసి.

ఎందుకు చేరతారంటారా? నాకు తారసపడ్డవాళ్లలో ఒకాయన విడాకులై ఇంట్లో ఉండలేక వచ్చాడు. ఒకావిడ యాభై నిండాయని. ఒక కుర్రాడు తన స్నేహితుడు చేరాడని చేరి, ఆ స్నేహితుడు రెండో రోజే మోకాలు పట్టేసి బండెక్కితే తనొక్కడే మిగిలాడు. నేను మా అమ్మాయి కాలేజీకి వెళ్లాక ఇల్లు బోసిపోయి, పక్క కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి "నువ్వా, సైకిలా?" అన్నందుకు చేరాను. గొప్ప కారణాలేం కావు. అక్కడ ఎవరూ ఎవరి కారణాన్నీ తూకం వేసేవారు కాదు.

మరిదిగారి ప్రశ్నని మాత్రం నేను కొట్టిపారెయ్యను. వేలమందికి ఏడు రోజులు తిండి, స్నానం, టెంటు, డాక్టరు అంటే ఖర్చే. 1994లో మొదలైన తొలి యాత్రల మీద వచ్చిన పెద్ద ఫిర్యాదు కూడా అదే: చందాలో ఎంత ఖర్చులకి పోతోంది, ఎంత రోగులకి చేరుతోంది? అందుకే శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిడ్స్ ఫౌండేషన్, లాస్ ఏంజెలెస్‌లో గేలు, ట్రాన్స్‌జెండర్లు వంటివారికి సేవచేసే ఎల్‌జీబీటీ సెంటర్ పాత నిర్వాహకుల నుంచి విడిగా వచ్చి 2002 నుంచి ఎయిడ్స్ లైఫ్‌సైకిల్ పేరుతో తామే నడుపుకున్నాయి. 545 మైళ్ల దారి. అన్నేళ్లూ కలిపి 30 కోట్ల డాలర్లు దాటి పోగైంది. చివరికి ఖర్చులు పెరిగి, తొక్కేవాళ్లు తగ్గి 2025తో ఆపేశారు. కాబట్టి లెక్క ప్రకారం మీవారు అన్నది తప్పు కాదు.

కానీ లెక్కలో రానిది ఒకటుంది. 2011లో ఒక్కొక్కరూ కనీసం 3,000 డాలర్లు పోగుచెయ్యాలి. నా దగ్గర ఆ డబ్బుంది. చెక్కు రాసేస్తే గంటలో పని అయిపోయేది. అలా కాదు, అడగాలని పట్టుబట్టాను. అరవై మంది తెలుగువాళ్లకి ఉత్తరం రాయాలంటే ఎయిడ్స్ అనే మాట అరవైసార్లు రాయాలి, ఆనక ఫోన్లు వస్తే పలకాలి. తొక్కడం కన్నా అదే కష్టమైంది, చెబితే నమ్మరు. ఒకాయన "క్యాన్సర్ అని మార్చి పంపమ్మా, ఐదొందలిస్తాను" అన్నాడు. ఒకావిడ నెలకి పైగా నా ఫోన్ ఎత్తలేదు. కొందరు ఇచ్చారు, పేరు బయటికి రానివ్వద్దని ఒట్టు పెట్టించుకుని.

నేనేం తక్కువ తిన్నాను? మా బాబాయి చిన్నకొడుకు 1999లో అక్కడ, మన దేశంలో పోయాడు. అందరికీ టీబీ అని చెప్పారు. ఫోన్‌లో మాటలు విన్నప్పుడే నాకు తెలుసు ఏమిటో. ఇక్కడ నేను ట్రే మీద లెక్కపెట్టి సీసాలో పోస్తున్న మాత్రలు అక్కడ మావాళ్లకి అందే ధరలో లేవు. ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. ఇంత తెలిసీ నా ఉత్తరంలో వాడి ఊసు ఒక్క ముక్క రాయలేదు. "ఆరోగ్యానికీ, సేవకీ" అని ఏదో రాశాను.

శాక్రమెంటోలో పెద్దకొడుకు దగ్గరుండే బాబాయికి ఆ ఉత్తరం పంపాలా వద్దా అని పదిరోజులు కొట్టుకుని, పంపాను. ఒకరోజు ఆయనే ఫోన్ చేశారు.

"రోజుకెన్ని మైళ్లమ్మా?"

"ఎనభై దాకా ఉంటాయి బాబాయ్."

"ఎండగా ఉంటుందేమో."

"ఉంటుంది."

"నీళ్లు తాగుతూ ఉండు." అంతే, పెట్టేశారు.

వారం తిరక్కుండా చెక్కు వచ్చింది. 116 డాలర్లు. దేనికోసమో రాసే గీత మీద ఏదో రాసి గట్టిగా కొట్టేసి ఉంది. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నా చదవలేకపోయాను, రెండక్షరాలని మాత్రం తెలిసింది. మా తమ్ముడి పేరు రెండక్షరాలే. జిరాక్స్ తీసుకున్నాకే ఆ చెక్కు పంపాను.

యాత్ర అయిపోయింది కాబట్టి చందా దారి మూసుకుపోయిందనుకోకండి, ఆ రెండు సంస్థలూ పనిచేస్తూనే ఉన్నాయి. మీ అబ్బాయి దగ్గర మాత్రం జబ్బుందా అని మొదలుపెట్టకండి. క్వాడ్‌బస్టర్ ఎలా ఎక్కావురా అనండి. బ్రాడ్లీలో ఆగి బర్గర్ తిన్నావా అనండి. అది చిన్న ఊరు, బడి పిల్లల కోసమని ఊరివాళ్లే యాత్రికులకి బర్గర్లు కాల్చి అమ్మేవారు. అవి తిననివాడు లేడు. ఆ గౌను ఎక్కడ కొన్నాడో కూడా కనుక్కోండి. ఆ గాలికి చక్రంలో పడకుండా ఎలా తొక్కాడో నాకు తెలుసుకోవాలనుంది.