గవర్నర్ ఉత్సవ విగ్రహమా? 1984 ఆగస్టు చూసినవాళ్లని అడగండి

"గవర్నర్ ఉత్సవ విగ్రహమే కదా, ఆ పదవి వల్ల చరిత్రలో ఏమైనా జరిగిందా?" అని అడిగారు. విగ్రహమైతే గొడవే లేకపోను. ముఖ్యమంత్రిని ఇంటికి పంపేసిన గవర్నర్‌ని చూసిన తరం మాది.

అప్పట్లో మేం విశాఖలో అల్లిపురంలో ఉండేవాళ్లం. నేను కాలేజీలో చదువుతున్నాను. ముఖ్యమంత్రి ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ని తీసేసి, ఆయన పార్టీలోంచే చీలిన నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. బలం అసెంబ్లీలో తేలుద్దామని ఎన్టీఆర్ అన్నా వినలేదు. రేడియోలో ఆ వార్త విని మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు. ఆయన మొదట్నుంచీ కాంగ్రెస్ మనిషి. అయినా "జనం కూర్చోబెట్టినాయన్ని, ఒక్క ఓటూ అడగని మనిషి దింపేయడమేంట్రా?" అని రాత్రంతా అదే మాట. ఏనాడూ జెండా పట్టని మా వీధివాళ్లు ఊరేగింపుల్లో నడిచారు. నేనూ జగదాంబ జంక్షన్ దాకా గొంతు పోయేలా అరుస్తూ వెళ్లాను. నెలాఖరుకి రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

గవర్నర్‌ని ప్రజలే ఎన్నుకోవాలని రాజ్యాంగ సభ మొదట అనుకుంది. ముఖ్యమంత్రికి పోటీ అవుతాడన్న భయంతో 1949లో నియామకానికి మారింది. 156వ అధికరణం ప్రకారం రాష్ట్రపతికి ఇష్టమున్నంత కాలమే గవర్నర్ పదవి. ఆచరణలో అది ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వ ఇష్టం. రోగమంతా అక్కడే ఉంది.

మెజారిటీ తేలాల్సింది సభలోనే అని 1994లో కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. టీవీ చర్చల్లో ఆ ఘనతంతా కోర్టుకే ఇస్తారు. పదేళ్ల ముందే మన రోడ్ల మీద జనం అదే తీర్పు చెప్పారని ఒక్కరూ అనరు. నాకు ఒళ్లు మండేది అందుకే.

ఇంకో బాధ. గవర్నరే యూనివర్సిటీలకు చాన్సలర్. స్నాతకోత్సవానికి తేదీ కుదరలేదంటూ మా మేనకోడలి పట్టా ఎంత ఆలస్యమైందో! ఉద్యోగానికి పిలిచినవాళ్లు పట్టా అడిగితే ఆ పిల్ల పడ్డ టెన్షన్ మాకే తెలుసు. చదువుల్లో ఈ పదవికి ఏం పని?

రాజ్‌భవన్ ఎత్తేయమని నేననను. గవర్నర్‌ని వేసే ముందు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రిని సంప్రదించాలని 1988లోనే, కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన సర్కారియా కమిషన్ చెప్పింది. ఆ ఒక్క మాట రాజ్యాంగంలో ఎక్కించండి చాలు.