హెవీ లైసెన్సు చేతికొచ్చింది, లారీ ఎవరిస్తారు?

ప్రశ్న: మాది కోదాడ. మా అబ్బాయికి 22 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. చిన్నప్పటి నుంచీ లారీలంటే ప్రాణం కాబట్టి డ్రైవింగ్ స్కూల్లో నేర్పించి హెవీ లైసెన్సు తీయించాం. మూడు నెలలుగా ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఎక్కడికెళ్లినా ‘రెండేళ్ల అనుభవం ఉందా?’ అంటున్నారు. ఒక ఓనరు మాత్రం ముందు క్లీనరుగా ఎక్కమన్నాడు. లైసెన్సు ఉన్న పిల్లాణ్ణి క్లీనరుగా పంపడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పంపించండి. కాకపోతే ఎవరి బండి మీదికి, ఏ మాట మీద పంపుతున్నారో ముందు తేల్చుకోండి. మొదటి రెండేళ్లు జీతాన్ని చూసి కాదు, ఓనర్నీ అతని దగ్గరున్న సీనియర్ డ్రైవర్నీ చూసి పని ఎంచుకోవాలి. ఈ మాట నా దగ్గరికొచ్చే ప్రతి తండ్రికీ చెబుతాను.

అనుభవం అడిగిన ఓనర్ల మీద కోపం పెట్టుకోకండి. చాలామంది బండి ఫైనాన్సులో ఉంటుంది, నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. మీవాడు స్కూల్లో తిప్పింది ఖాళీ బండి. పది టైర్ల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. అంత బరువు వెనక నుంచి తోస్తుంటే బ్రేకు ఎంత ముందుగా అందుకోవాలో, ఘాట్‌లో ఏ గేరులో దిగాలో స్కూలు గ్రౌండులో తెలియదు. పల్లంలో బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే డ్రమ్ములు కాగిపోయి, సరిగ్గా అవసరమైనప్పుడు బ్రేకు పట్టదు. చిన్న గేరులో, ఇంజను బిగువు మీద దిగాలని పుస్తకంలో చదవొచ్చు. కాలికి అలవాటు కావాలంటే మాత్రం తెలిసినవాడి పక్కన కూర్చోవాల్సిందే.

అందుకే ‘క్లీనరు’ అన్న మాట దగ్గరే ఆగిపోకండి. స్టీరింగ్ ఎప్పుడిస్తారు? అసలు అడగాల్సింది అది. మొదటి నెల ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు, ఆ తర్వాత పగటిపూట లోడుతో, సీనియర్ పక్కనుండగా నడపనివ్వాలి. ఆరు నెలలకు డ్రైవరు జీతం, లేదా వేరే బండి. ఈ మాట సీనియర్ డ్రైవరు ఎదుటే అనుకోండి, ఎందుకంటే నేర్పాల్సింది ఆయన. స్టీరింగ్ ఊసెత్తకుండా ‘చూద్దాంలే’ అనే ఓనరైతే వద్దు. మీవాడు రెండేళ్లు టార్పాలిన్లు కట్టుకుంటూనే ఉండిపోతాడు.

మీది కోదాడ కావడం ఒక వరం. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడి నుంచి హైదరాబాదుకో విజయవాడకో వెళ్లే బండ్లు కొత్తవాడికి మంచి బడి. రోజూ అదే దారి, అదే సరుకు, అదే గేటు. ఫ్యాక్టరీ గేటు దగ్గర లైసెన్సు చూస్తారు, బూట్లు, హెల్మెట్ అడుగుతారు, లోపల వేగం తగ్గించమంటారు. మొదట్లో విసుగనిపిస్తుంది గానీ ఆ క్రమశిక్షణ జీవితాంతం పనికొస్తుంది. మొదటి ఏడాదే కోల్‌కతా, గువాహటి లైను ఎక్కించకండి. తెలియని భాష, రాత్రి ప్రయాణం, నిద్రలేమి మూడూ ఒకేసారి మీద పడితే నేర్చుకునే ఓపిక ఉండదు.

క్లీనరు పని అసలు ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని చిన్న బండ్లు కారు లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మరోసారి స్పష్టం చేసింది. కాబట్టి ఆ పనుల్లో హెవీ అనుభవం అడిగేవాళ్లు తక్కువ. పార్సిల్ ఆఫీసులు, కిరాణా సరుకు పంచే డిస్ట్రిబ్యూటర్లు అలాంటి బండ్లు నడుపుతారు. జీతం బ్యాంకులో పడేలా చూసుకోండి. ఏడాది తర్వాత ‘అనుభవం ఉందా?’ అంటే చూపించడానికి ఆ పాసుబుక్కే సాక్ష్యం. తర్వాత ఇద్దరు డ్రైవర్లతో బండ్లు నడిపే ట్రాన్స్‌పోర్టు కంపెనీల్లో రెండో డ్రైవరుగా అడగొచ్చు.

ఎక్కడికెళ్లినా ట్రయల్ ఉంటుంది. తాళం అందుకోగానే సీట్లోకి ఎక్కేయొద్దని అబ్బాయికి చెప్పండి. ముందు బండి చుట్టూ ఒకసారి తిరగాలి. టైర్లు, లైట్లు, కింద ఆయిల్ కారుతోందా అన్నది చూడాలి. ఎక్కాక బ్రేకులకు గాలి ప్రెషర్ నిండేదాకా ఆగాలి. రివర్సులో అనుమానం వస్తే ఆపి, దిగి చూసుకుని మళ్లీ ఎక్కాలి. దిగి చూసినవాణ్ణి అనుభవమున్న ఓనరు చేతకానివాడనుకోడు, బండి అప్పగించొచ్చు అనుకుంటాడు.

ఇక కాగితాలు. ఒరిజినల్ లైసెన్సు ఎవరి దగ్గరా ఉంచొద్దు. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడి కార్డును ఓనరు బీరువాలో పెట్టుకున్నాడు. పని మానేద్దామంటే కార్డు లేక, ఇంకోచోట చేరలేక నాలుగు నెలలు ఇరుక్కుపోయాడు. చూసుకోవడానికి కాపీ చాలు, డిజీలాకర్‌లో ఉన్నదీ చెల్లుతుంది. అలాగే బండి నంబరు పెట్టి ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్నాయో లేదో ఎంపరివాహన్ యాప్‌లో చూడమనండి. ఎనిమిదేళ్లలోపు లారీకి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. గడువు దాటిన బండి ఎంత మంచి జీతమిచ్చినా ఎక్కొద్దు. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బడిగే మధ్యవర్తికి రూపాయి కూడా ఇవ్వకండి.

జీతం ఎంత, రోజు బత్తా ఎంత, డీజిల్ మైలేజీ తగ్గితే ఎవరి మీద వేస్తారు? ఇవన్నీ మొదటి ట్రిప్పుకు ముందే తేలాలి. చిన్న నోటుబుక్కు కొనిచ్చి అడ్వాన్సు, డీజిల్, టోల్, ఖర్చులు ఏ రోజుకారోజు రాసుకోమనండి. లోడయ్యాక కాటా చీటీ తప్పక చూడాలి. ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, పైన ఒక్కో అదనపు టన్నుకు 2,000. బరువు ఎక్కువుందని చెప్పినా ‘పోనీయ్’ అనే ఓనరు రేపు జరిమానా కూడా మీవాడి లెక్కలోనే రాస్తాడు. సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లు గడువు కూడా చూసుకోవాలి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. బండి చెడిపోయి ఆలస్యమైతే గడువుకు అటూఇటూ ఎనిమిది గంటల్లోపే పొడిగించుకోవాలి, కాబట్టి ఆగిన వెంటనే ఓనరుకు ఫోన్ చేయాలి.

డిగ్రీ ఆపేశాడన్న బాధ మీ ఉత్తరంలో కనబడింది. ఆ చదువు వృథా కాదు. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు నడపాలంటే లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల అనుమతి ఉండాలి. దానికి మూడు రోజుల శిక్షణతో పాటు ఒక భారతీయ భాష, ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. రెండేళ్లు సిమెంటు లోడు నడిపాక మీవాడు అటు వెళ్లొచ్చు.

ఇప్పుడు మాత్రం క్లీనరుగా రమ్మన్న ఆ ఓనరు దగ్గరికి ఒకసారి మీరే వెళ్లండి. ఆయనతో కాదు, ఆయన సీనియర్ డ్రైవరుతో టీ తాగుతూ పది నిమిషాలు మాట్లాడండి. ఈ ఓనరు దగ్గర ఎన్నేళ్లుగా ఉన్నావని అడగండి. నాలుగైదేళ్లు దాటిందంటే అబ్బాయిని మర్నాడే బండెక్కించండి.